తువ్వాల కింద రెండు బిళ్లలు

రేగొండ అంగడిలో అందరూ పైసలు తీసుకొని ఏదో ఒకటి అమ్మేవాళ్లు. బుచ్చమ్మ పైసలు తీసుకొని పైసలే అమ్మేది.

కూరగాయల గంపలకూ ఎండు చేపల తట్టలకూ నడుమ ఇంత జాగాలో గోనెపట్టా పరుచుకొని, ముందర ఇత్తడి తాంబాళం పెట్టుకొని కూర్చునేది. తాంబాళం నిండా చిల్లర. నూరు రూపాయల నోటు తెచ్చినవాడికి తొంభై ఎనిమిది రూపాయల చిల్లర ఇచ్చేది. మిగిలిన ఆ రెండు రూపాయలకే బట్టా అని పేరు. అదే ఆమె బతుకు. బిళ్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఆమెకు నామోషీ. మొదటి దొంతి ఒక్కటి యాభై బిళ్లలతో పేర్చి, మిగతా దొంతులను దాని పక్కన నిలబెట్టి అరచేత్తో పైన సమంగా నిమిరేది. చెయ్యి ఎక్కడా ఎగుడుదిగుడు కాకుంటే లెక్క సరిపోయినట్టు. ఏనాడూ ఒక్క బిళ్ల తేడా వచ్చింది లేదు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉండేది. నూటికి తొంభై ఎనిమిదేమిటి, ఇది దోపిడీ కదా అనేవాళ్లు. బుచ్చమ్మ వాళ్లతో కొట్లాడేది కాదు. "సరే బిడ్డా, నీ నోటు నీ తాన్నే ఉంచుకో. ఆ వంకాయలామె తాన పోయి పావు కిలో కొనుక్కొని రాపో" అనేది. పది నిమిషాలకు వాళ్లు తిరిగి వచ్చేవాళ్లు. అర్ధ రూపాయి వంకాయలకు నూరు నోటు పట్టుకొని తిరిగినవాడి ముఖం ఎలా ఉంటుందో అంగడి మొత్తం చూసి నవ్వేది.

రేగొండ ఆమెకు అత్తగారి ఊరు. పుట్టింది మానుకోటలో. అదే, కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊరు. తండ్రి ముత్తయ్య అక్కడి రైలు స్టేషను బయట పైసలు మార్చేవాడు. అప్పుడు నిజాం రూపాయి వేరు, ఇంగ్లీషు రూపాయి వేరు. మనది హాలీ, వాళ్లది కల్దారు. సర్కారు లెక్కలో ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. కాని స్టేషను బయట సర్కారు లెక్కను పట్టించుకున్నవాడు ఎవడు? మిరపకాయలు కోతకొచ్చిన కాలంలో బెజవాడ షావుకార్లు కల్దార్లు మూట గట్టుకొని రైలు దిగేవాళ్లు. రైతుకు మాత్రం హాలీయే కావాలి, శిస్తు కట్టేది దానితోనే కదా. అప్పుడు హాలీకి గిరాకి. కొనుగోళ్లు అయిపోయి, మనవాళ్లు బట్టలకని, వెండికని బెజవాడ బయలుదేరే రోజుల్లో కల్దారుకు గిరాకి. ముత్తయ్య పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద ఎవరు దిగుతున్నారో, ఎవరు ఎక్కుతున్నారో చూసి, ఆ రోజు బట్టా ఎంతో చెప్పేసేవాడు. పక్కన కూర్చున్న ఏడేళ్ల బుచ్చమ్మ అది చూసి చూసి నేర్చుకుంది. పైసల ధర పైసల్లో ఉండదు. వాటికోసం వచ్చే మనిషి అవసరంలో ఉంటుంది.

తరవాత హాలీ పోయింది. దేశమంతా ఒక్కటే రూపాయి అయింది. హాలీని ఇంత కాలం దాకా సర్కారు తీసుకుంటుందని చాటింపు వేసినా జనం వినలేదు, బెదిరిపోయారు. ముత్తయ్య ఆ బెదురులో లాభం చూశాడు. నూరు హాలీలకు రావలసిన దానికంటే ఇరవై తగ్గించి కొన్నాడు. సర్కారు చెప్పిన మాట ప్రకారం అన్నింటినీ తీసుకుంది. ముత్తయ్యకు ఆ ఏడు బాగా మిగిలింది, కాని సంగతి తెలిసిన తరవాత స్టేషను బయట ఆయన పట్టా దగ్గరికి ఒక్క మనిషి రాలేదు. పోయేటప్పుడు బిడ్డతో ఒక్క మాటే చెప్పి పోయాడు. "బిడ్డా, మంది అవసరాన్ని కొను. మంది భయాన్ని కొనకు. అవసరం మల్లొస్తది. భయపడ్డోడు మల్ల రాడు."

పెళ్లయి రేగొండకు వచ్చిన బుచ్చమ్మకు, రూపాయి ఒక్కటే అయినా దానిలో రెండు ఉన్నాయని త్వరలోనే అర్థమైంది. నోటు ఒకటి, చిల్లర ఇంకొకటి. ఉండవలసిన చోట ఉండక, ఒకదానికోసం ఒకటి దేవులాడుకుంటాయి. తండ్రి తాంబాళం తెప్పించుకొని, రేగొండ అంగడిలోనూ మొగుళ్లపల్లి అంగడిలోనూ కూర్చుంది. భర్త రాజమల్లు బండి తోలేవాడు. చింతపండో, వడ్లో, ఏ బస్తా దొరికితే ఆ బస్తా. మనిషి నిదానం, మాట మాత్రం సురుకు. "ఊరందరి పెండ్లాలు పైసలు ఖర్సు పెడ్తరు. నా పెండ్లాం పైసలనే బేరానికి పెడ్తది" అని అందరికీ చెప్పుకొని మురిసేవాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కొట్లాట జరిగినప్పుడు దుకాణాలు బందు, బస్సులు బందు. షావుకార్లు గల్లాపెట్టెలతో సహా తాళాలు వేసుకొని పోయారు. చిల్లరంతా ఆ తాళాల వెనక ఉండిపోయింది. చేతిలో పది రూపాయల నోటు ఉన్నవాడు అగ్గిపెట్టె కొనలేకపోయాడు. రెండు ఉన్న బట్టా వారం తిరగకుండా ఏడుకు పోయింది. దుకాణాలు తెరిచిన నాడు మళ్లీ రెండుకు దిగింది. బిళ్లలు తగ్గితే బట్టా పెరుగుతుందని ఆమెకు ముందే తెలుసు. బిళ్లలు తగ్గుతాయేమోనన్న అనుమానంతో అంతకంటే తొందరగా పెరుగుతుందని ఆ ఏడు తెలిసింది.

ఆమె బేరం చేసే తీరు గురించి చెప్పాలి. పశువుల అంగడిలో బేరగాళ్లు తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. పెద్ద బేరాలకు చిల్లర మార్పిడిలోనూ అదే పద్ధతి. కాని ఆడమనిషి పరాయి మగవాడి వేళ్లు పట్టుకుంటే అంగడి ఊరుకుంటుందా? అందుకని బుచ్చమ్మ ఒక ఉపాయం చేసింది. తువ్వాల కింద బిళ్లలు పెట్టేది. నూటికి రెండంటే రెండు, మూడంటే మూడు. అవతలివాడు చెయ్యి పెట్టి తడిమి చూసుకొని, ఒప్పుకుంటే వాటిని గుప్పిట పట్టి తీసుకొనేవాడు. లేకుంటే ఒకటి వదిలేసేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. తువ్వాల కింది బేరం తప్పినవాళ్లు ఆ అంగడిలో మళ్లీ పట్టా పరవకూడదు. అది ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు గాని, తప్పినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఎనభై మూడు దసరా మరునాడు జగపతి పటేలు వచ్చి ఆమె పట్టా ముందర గొంతుక్కూర్చున్నాడు. ఆయన బీడీలు చుట్టే తునికాకు కొనుగోలు చూసేవాడు. భూపాలపల్లి వైపు అడవి అంచున ఆయనవి కల్లాలు ఉండేవి. ఎండాకాలంలో జనం అడవిలోకి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పేవాళ్లు. కట్టకు ఇన్ని పైసలని కూలి. అందుకే ఆయనకు ప్రతి ఏడూ చిల్లరతోనే పని.

"బుచ్చమ్మా, ఐదు వేల రూపాయల పది పైసల బిళ్లలు గావాలె. ఆకు మొదలైన వారం కల్లం కాడికే తేవాలె. గిప్పుడే మాట అనుకుందాం" అన్నాడు.

"గిప్పుడెందుకు పటేలా? ఆకుకు ఇంక ఆర్నెల్లున్నది."

"రేపు బట్టా ఎంతుంటదో ఎవనికెరుక. గియ్యాల అనుకుంటే నాకు నిద్ర పడ్తది."

బుచ్చమ్మ ఒక క్షణం ఆలోచించింది. మాఘంలో రెండేళ్లకొక్కసారి వచ్చే అడవి జాతర ఉంది. జాతరకు పోయేవాళ్లు చిల్లరంతా ఊడ్చుకొని పోతారు. అయినా ఎండాకాలం నాటికి ఆ చిల్లర తిరిగి జనంలోకి రాక మానదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే. తువ్వాల పరిచి, కింద రెండు బిళ్లలు పెట్టింది. జగపతి తడిమి చూసి, రెండూ తీసుకున్నాడు. మూడు వేలు బయానా ఇచ్చి పోయాడు. బుచ్చమ్మ దగ్గర సొంతానికి రెండు వేల వంద ఉంది. ఐదు వేల చిల్లర అప్పజెబితే పటేలు మిగతా రెండు వేల వంద ఇస్తాడు, బయానాతో కలిపి అయిదు వేల నూరు చేతికొస్తుంది.

ఆమె లెక్క తప్పలేదు. తప్పింది మనుషుల లెక్క.

జాతర అయింది. అనుకున్నట్టే చిల్లర కరువై బట్టా నాలుగయింది. తరవాత దిగాలి. కాని ఈసారి కిరాణం కనకయ్య ఒక తెలివి చేశాడు. నాలుగు అయినది ఐదు కాకపోతుందా అని గల్లాలోని చిల్లరను బయటికి తీయకుండా గోనెసంచిలో పోసి అటక మీద పెట్టాడు. అది చూసి హోటలాయన పెట్టాడు. అది చూసి బట్టల దుకాణం వాళ్లు పెట్టారు. అందరూ దాచేసరికి నిజంగానే ఐదయింది. ఐదయింది కాబట్టి, దాచింది మంచిదే అయిందని ఇంకా దాచారు. ఉగాది నాటికి బట్టా తొమ్మిది.

బుచ్చమ్మ అరవై రూపాయలు పోగొట్టుకొని ఆరు వందల చిల్లర కూడగట్టింది. ఇంకా నాలుగు వేల నాలుగు వందలు కావాలి. ఈ లెక్కన నాలుగు వందల పైచిలుకు చేతినుంచి పోతుంది. అంత సొమ్ము లేదు. ఉన్నా అమ్మేవాళ్లు లేరు.

కనకయ్య దుకాణానికి పోయింది. "తమ్మీ, తొమ్మిదికి ఒక వెయ్యి రూపాయల బిళ్లలియ్యి."

"తొమ్మిదికా?" కనకయ్య త్రాసు తుడుస్తూ నవ్వాడు. "పన్నెండు గానీ అక్కా, అప్పుడు మాట్లాడుకుందాం."

"పన్నెండైతే ఇస్తవా?"

"పన్నెండైతే పదిహేను గాదా అని సూస్త."

ఆ వారం ఆమెకు అన్నం సరిగా పోలేదు. డబ్బు పోతే పోనీ, బేరం తప్పితే పట్టా పోతుంది. పట్టా పోయిన బుచ్చమ్మ ఎవరు? అద్దంలో చూసుకుంటే ఆమెకే తెలియదు. రాజమల్లు ఊరుకోలేక, "బేరం తప్పితే ఏమైతది, నా బండి మీద గూసో, చింతపండు అమ్ముకుందాం" అన్నాడు. "చింతపండు తిన్నంక మొకం ఎట్లుంటదో గట్లున్నది నా బతుకు. ఇంక అమ్ముడెందుకు" అంది ఆమె.

మనసు బాగాలేనప్పుడు ఆమె బ్యాంకు మెట్ల మీద కూర్చునేది. అక్కడ గుమాస్తా రఘునాథ్ ఉండేవాడు. జనగామ వైపు భూములున్న ఇంటి పిల్లవాడు, కొత్త ఉద్యోగం, పేపరు పిచ్చి. బ్యాంకుకు చిల్లర సంచి వచ్చేదే అరుదు. అందులో ఆమెకు ఇవ్వగలిగింది ఏమీ లేదు గనక, మాటలు ఇచ్చేవాడు.

"అక్కా, నీ బట్టా ఒక్కటే కాదు, డాలరు బట్టా గూడ పెరుగుతున్నది. పది రూపాయలు దాటింది."

"డాలరుకు ఏం జాతరున్నది సారూ?"

రఘునాథ్ నవ్వి పేపరు మడిచాడు. "చమురు జాతర. అన్ని దేశాలు చమురు కొనాలె. చమురోళ్లు డాలర్లే అడుగుతరు. ఇంకోటి, అమెరికాల మిత్తి, గదే వడ్డీ, ఎక్కువ ఇస్తున్నరు."

"అదీ మాట. ఎక్కువ మిత్తి ఇచ్చే ఇంటికి పైసలు కాళ్లచ్చినట్టు నడిచి పోతయి. మరి ఆళ్లకు మన రూపాయి ఎందుకు గావాలె?"

"మన చాయపత్త, బియ్యం, తోళ్లు, మిరపకాయ కొనాలంటే."

"అయితే మానుకోట మిరప మంచిగ పండిన ఏడు మన రూపాయి జర మీసం తిప్పుతది." మళ్లీ అడిగింది. "సారూ, గీ రేటు రోజూ మారుతదా? ఎవలు మారుస్తరు?"

"వెనకట ఇంత అని కట్టేసి ఉంచేటోళ్లు. డాలరు తెస్తే బంగారం ఇస్తమని అమెరికా మాట ఇచ్చింది. డెబ్బై ఒకటిల ఆ మాట ఇడిసిపెట్టింది. అప్పటిసంది పెద్ద దేశాల పైసలు బజార్ల ఎట్లంటే అట్ల తిరుగుతున్నయి. సగం అవసరంతోని, సగం పుకారుతోని."

"మాట ఇడిసిపెట్టిందా?" బుచ్చమ్మకు ఆ ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. "ఏ అంగడైనా వాళ్లను మల్ల పట్టా పరవనిచ్చిందా?"

రఘునాథ్ మడిచిన పేపరు మళ్లీ విప్పుకున్నాడు.

అప్పటికే కొత్త పది పైసల బిళ్లలు ఒకటీ అరా కనబడుతున్నాయి. పాతదానిలాగే అంచులు పువ్వురేకుల్లా ఉంటాయి గాని కొంచెం చిన్నవి. ఉగాది దాటిన వారంలో మొగుళ్లపల్లిలో ఒక చాయ హోటలు దగ్గర ఎవరో పాత పెద్ద బిళ్ల ఇచ్చారు. అది బాగా అరిగిపోయి ఉంది. హోటలాయన "గిది నడవది" అన్నాడు. ఆయన అన్నది ఆ ఒక్క బిళ్ల గురించి. విన్నవాడు మాత్రం పక్కవాడి చెవిలో "పెద్ద బిళ్లలు నడవయట" అన్నాడు. ఆ మాట రేగొండ చేరేసరికి రేడియోలో చెప్పారట అయింది. సాయంత్రానికి ఎల్లుండి ఆఖరి రోజట అయింది. జనానికి హాలీ గుర్తుంది. ఆరేళ్ల కింద వెయ్యి నోట్లు బందు పెట్టింది ఇంకా గుర్తుంది. నమ్మకపోవడానికి కారణం ఎవరికీ దొరకలేదు.

బుచ్చమ్మ ఆగమాగం బ్యాంకుకు పోయింది. "సారూ, ఏమన్న కాగితమొచ్చిందా?"

"ఏ కాగితం రాలేదక్కా. పెద్ద బిళ్ల, చిన్న బిళ్ల, రెండు నడుస్తయి. పొద్దటి సంది నోరు నొయ్యంగ చెప్తున్న. బ్యాంకోడు అట్లనే అంటడని పోతున్నరు."

మరునాడు రేగొండ అంగడి. ఆమె పట్టా పరిచేలోపలే అక్కడ గుంపు ఉంది. అందరి చేతుల్లో మూటలు. ముందర కనకయ్య. అటక మీది గోనెసంచి ఆయన భుజం మీదికి దిగింది. ముఖాన చెమట.

"అక్కా, నువ్వడిగినవు గద. తెచ్చిన."

"పన్నెండు గానీ అన్నవు గద తమ్మీ?"

"ఎక్కిరియ్యకు. నూరు రూపాయల బిళ్లలకు తొంభై రూపాయల నోట్లియ్యి చాలు."

ఉల్టా బట్టా. నిన్నటిదాకా చిల్లర కొనడానికి తొమ్మిది అడిగినవాడు, ఇప్పుడు వదిలించుకోవడానికి పది ఇస్తానంటున్నాడు. ఆమె కళ్ల ముందు ఒక్కసారి నాలుగు వందల పైచిలుకు లాభం మెరిసి మాయమైంది. తండ్రి పట్టా దగ్గరి ఖాళీ జాగా కనిపించింది.

"తమ్మీ, గివి నడుస్తయి. బ్యాంకుల అడిగి వచ్చిన. ఇంటికి తీస్కపో."

"ఎనభై ఎనిమిది ఇయ్యి."

"అరె, నడుస్తయంటే ఇనవేంది?"

"నీకు నడుస్తయి గావచ్చు. నాకు గుండె నడుస్తలేదు. ఎనభై ఐదు!"

గుంపు గొల్లుమంది. బుచ్చమ్మకు నవ్వు ఆగలేదు. "నూటికి నూరిస్త. తీస్కుంటవా?"

కనకయ్య అనుమానంగా చూశాడు. "నూరెందుకిస్తవ్? ఏదో మతలబున్నది."

"ఉన్నది. నాకు అయిదు వేల బిళ్లలు గావాలె. మాట ఇచ్చిన. నీకు అమ్మాలె, నాకు కొనాలె. నడుమ బట్టా ఎందుకు? రేపు నువ్వు ఏడ్సుకుంట వచ్చి బిళ్లలియ్యమంటే మాత్రం ఇయ్య. ముంగటనే చెప్తున్న."

మూడుసార్లు ఇంటికి తీసుకుపొమ్మని చెప్పింది. మూడుసార్లూ అతను సంచి ఆమె వైపే తోశాడు. అతని వెనక మిగతావాళ్లూ అదే లెక్కన మూటలు విప్పారు. మధ్యాహ్నానికి తాంబాళం సరిపోక, రాజమల్లు బండిలోని చింతపండు గోనెలు దులిపి వాటిలో పోశారు. దొంతులు పేర్చి నిమిరి నిమిరి ఆమె అరచెయ్యి తెల్లగా అయింది. పొద్దుగూకేసరికి నాలుగు వేల నాలుగు వందలూ వచ్చాయి. అన్నీ పెద్ద బిళ్లలే, కొంచెం చింతపండు వాసనతో.

ఆకు మొదలైన వారం బండి కట్టారు. గోనెసంచులు మనుషుల్లా నిండుగా కూర్చున్నాయి. దారి పొడుగునా రాజమల్లు పాత పాటలు పాడాడు. బుచ్చమ్మ ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిని ఉంది. కష్టం దాటిందనే అనుకుంది.

కల్లం దగ్గర ఆకు కట్టలు వరుసలుగా ఎండుతున్నాయి. చుట్టుపక్కల అన్ని కల్లాలనుంచీ కూలికోసం ఎనిమిది వందల మంది దాకా వచ్చి కూర్చున్నారు. జగపతి మొదటి సంచి విప్పి, ముందున్న సుక్కి దోసిట్లో బిళ్లలు పోశాడు. సుక్కి గట్టి మనిషి, ఆ గుంపుకు ముందర నడిచేది. ఒక బిళ్ల తీసి ఎండకు పట్టి చూసింది.

"పటేలా, గియ్యి పెద్ద బిళ్లలు. బందయినయి గద. మాకద్దు."

"బందు గాలేదే."

"అయితే నువ్వే ఉంచుకో. మేం ఆకు కోసింది ఆటాడుకునే బిళ్లలకు గాదు."

వెనకనుంచి మాటలు లేచాయి. ఒకావిడ కట్టలు తిరిగి తీసుకుంటానంది. జగపతి ముఖం రంగు మారింది. బుచ్చమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "బుచ్చమ్మా, నడిచే పైసలు తెస్తనని నీ మాట. గివి నడుస్తలెవ్వు. సంచులు తీస్కపో. నా బయానా నాకియ్యి. బేరం తప్పినట్టే" అన్నాడు.

సంచులు అక్కడే ఉన్నాయి, లెక్క సరిగానే ఉంది, మాట మాత్రం ఓడిపోతోంది. బిళ్ల మీద సర్కారు ముద్ర ఉంది. అయినా తీసుకునే చెయ్యి లేకపోతే అది ఒట్టి రేకు. ఆమె ఆ బిళ్లల వైపు కాక, మనుషుల వైపు చూసింది. వీళ్లకు కావలసింది చిన్న బిళ్ల కాదు. రేపు దీన్ని ఎవరూ తీసుకోకపోతే ఎట్లా అన్న ప్రశ్నకు జవాబుగా నిలబడే ఒక మనిషి.

"పటేలా, నాకు నువ్వియ్యాల్సిన రెండు వేల వంద తెచ్చినవా?"

"తెచ్చిన. రూపాయి నోట్లు, రెండు రూపాయల నోట్లు. అయితే ఏంది?"

"గిప్పుడే ఇయ్యి. పొద్దుగూకెదాక బేరం తప్పిందనకు. పొద్దుగూకినంక గూడ వీళ్లు తీసుకోకుంటే, బయానా ఇచ్చి పట్టా లేపుకుంట. మల్ల ఏ అంగట్ల కనవడ."

జగపతి కొంచెం తటపటాయించి నోట్ల కట్టలు తెచ్చి ఇచ్చాడు. ఆమె కల్లం నడుమ గోనెపట్టా పరిచి, తువ్వాల వేసి, దాని మీద కట్టలు అందరికీ కనబడేలా గోడలా పేర్చింది. పక్కన ఖాళీ తాంబాళం పెట్టింది.

"అవ్వలారా, అక్కలారా, ఇనుండ్రి! కూలి బిళ్లలు తీస్కోండ్రి. పెద్ద బిళ్ల మీద నమ్మకం లేనోళ్లు పది తెచ్చి గీ తాంబాళంల ఎయ్యుండ్రి, రూపాయి నోటు పట్కపోండ్రి. బట్టా లేదు. గియ్యాల గూసుంట, ఆకు ఉన్నన్ని దినాలు అంగడి అంగడికి రేగొండల గూడ గూసుంట."

రాజమల్లు వంగి చెవిలో అన్నాడు. "సంచులల్ల ఐదు వేలున్నయి. నీ ముంగట రెండు వేలున్నయి. అందరొస్తే ఎట్లనే?"

"అందరు రారు."

"వస్తే?"

"నోట్లు లేకుంటే అందరొస్తరు. ఉన్నయి గద, రారు. నువ్వు జర నవ్వుకుంట నిలబడు. నీ మొకం జూస్తే మంచి నోటు గూడ నడవదు."

రాజమల్లు పళ్లన్నీ కనబడేలా నిలబడ్డాడు.

మొదట సుక్కే వచ్చింది. అరవై బిళ్లలు తాంబాళంలో గుమ్మరించి నడుం మీద చేతులు పెట్టుకుంది. బుచ్చమ్మ దొంతి పేర్చి నిమిరి, ఆరు నోట్లు వెంటనే చేతిలో పెట్టింది, మారుమాట లేకుండా. సుక్కి నోట్లు అటూ ఇటూ తిప్పి చూసి, జరిగి నిలబడింది. వెనక ఇంకొకరు, ఇంకొకరు. పది మంది అయ్యారు. పదకొండోది లచ్చమ్మ, పళ్లు లేని ముసలమ్మ. నాలుగు నోట్లు తీసుకొని కొంగున ముడేసుకొని, కల్లం పక్కన కల్లుకుండలు పెట్టుకున్నాయన దగ్గరికి పోయింది. ఎండలో ఆకు కోసి వచ్చిన గొంతు, దూపతో ఎండిపోయి ఉంది.

కాసేపటికి అక్కడినుంచి కేక వినిపించింది. "ముప్పై పైసల కల్లుకు రూపాయి నోటిస్తే నేనేడ తేవాలె చిల్లర! బిళ్లలుంటె తే, లేకుంటె పో!"

"పెద్ద బిళ్ల తీస్కుంటవా?" లచ్చమ్మ అడిగింది.

"ఎందుకు తీస్కోను? గామె మారుస్త అంటున్నది గద. ఆమె తీస్కుంటే నేనూ తీస్కుంట."

లచ్చమ్మ తిరిగి వచ్చి బుచ్చమ్మ ముందు నోటు పెట్టింది. "బిడ్డా, నా బిళ్లలు నాకియ్యి."

"గిప్పుడే గదనే అవ్వా, వద్దంటివి?"

"అప్పుడు దూప గాలె."

కల్లమంతా నవ్వింది. సుక్కి కూడా ముఖం పక్కకు తిప్పుకొని నవ్వింది. బుచ్చమ్మ పది బిళ్లలు లచ్చమ్మ చేతిలో పెట్టింది. "బట్టా ఎంత?" అంది ముసలామె, పద్ధతి తెలిసినట్టు. "నీకు లేదవ్వా. కల్లు నాకో గుక్కెడు తే."

ఆ తరవాత బిళ్లలిచ్చి నోట్లు అడగడానికి ఎవరూ రాలేదు. జనమంతా జగపతి సంచుల దగ్గరే వరుస కట్టారు. పిల్లలకు బెల్లం కొనేవాళ్లు, పొగాకు కొనేవాళ్లు బిళ్లలు చెంగుల్లో కట్టుకొని గలగలలాడించుకుంటూ పోయారు. లచ్చమ్మ కంటే ముందు నోట్లు తీసుకున్న పది మందిలో ఆరుగురు పొద్దుగూకకముందే చిల్లరకు తిరిగి వచ్చారు. ఆఖరున సుక్కి వచ్చింది, ఆరు నోట్లలో నాలుగు పట్టుకొని.

"ఎందుకక్కా, నోట్లుండనీ" అంది బుచ్చమ్మ.

"ఉండనిస్తే ఏం జేసుకోను? నూనె కొనాలె." గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు. అందరం ఒక్కపారే వస్తే నీ తాన అన్ని నోట్లుండెనా?"

"లెవ్వు."

సుక్కి పెద్దగా నవ్వింది. "అమ్మో! నువ్వు గట్టిదానివే."

"నాకంటే నువ్వే గట్టిదానివి. మొదలు వచ్చి నోట్లు తీసుకొని పోతివి. నువ్వు పోంగ సూసిన్రు గనకనే మందికి ధైర్యం వచ్చింది."

జగపతి ఖాళీ గోనెలు మడిచి తెచ్చి బండిలో వేశాడు. జేబులో చెయ్యి పెట్టి, దసరానాడు తువ్వాల కింద తీసుకున్న రెండు బిళ్లలు తీశాడు. ఆరు నెలలు జేబులోనే ఉంచుకున్నట్టున్నాడు. అవీ పెద్ద బిళ్లలే. వాటిని ఆమె తాంబాళంలో వేసి, "వచ్చే దసరాకు గూడ గివే పెట్టు" అన్నాడు.

"జాతర ఏడైతే మూడు పెడ్త పటేలా. గీ ఏడు నాకు బుద్ధొచ్చింది."

బండి రేగొండ దారి పట్టింది. బుచ్చమ్మ లెక్క వేసుకుంది. బట్టా నూరు వచ్చింది, తొమ్మిది రేటులో అరవై పోయింది, నలభై మిగిలింది. ఇంత ఎండకు, ఇంత గుండెదడకు నలభై రూపాయలు. అయినా వచ్చే అంగడికి ఆ చేపల తట్టల పక్కన ఆమె జాగా ఆమెకు ఉంది.

"ఏదీ, ఆ నోట్లు చూపియ్యి" అన్నాడు రాజమల్లు, ఎడ్ల పగ్గాలు ఒక చేతికి మార్చుకొని.

ఆమె మూట విప్పింది. గోడలా పేర్చిన కట్టల్లో విప్పింది ఒక్కటే. మిగతావాటికి జగపతి ఇంట్లో కట్టిన దారం ముడి కూడా ఊడలేదు. రాజమల్లు వాటిని చూసి, ఆమెను చూసి, ఇక ఆపుకోలేక మళ్లీ పాట ఎత్తుకున్నాడు.